ఏడు తప్పుల రుమాలు

తప్పులు లెక్కపెట్టడానికి బ్రాగా పట్నం నుంచి మనిషి వచ్చింది. నిజంగా అదే ఆవిడ పని. పాత రుమాళ్ళ మీద కుట్టిన అక్షరాలను భూతద్దంతో చూసి, ఎక్కడెక్కడ తప్పుందో కాగితం మీద రాసుకుని, ఆ తప్పులు అసలైనవేనని తేలితే ముద్ర వేస్తుంది. పేరు లియోనోర్. చదువుకున్న ఆడవాళ్ళందరినీ మా వైపు డాక్టరమ్మా అనే పిలుస్తాం, జ్వరానికి మందు ఇవ్వకపోయినా సరే. చిన్న పిల్ల, ముప్పై దాటి ఉండవు. మంచిదే పాపం. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

ఆ రోజు బల్ల మీద పరిచి ఉన్నది మా అమ్మ రుమాలు. అమ్మ పేరు ఎర్మెలిందా, ఎనభై ఎనిమిదేళ్ళు. పదిహేడో ఏట మా నాన్న అవెలీనో కోసం కుట్టింది. అప్పట్లో మా మిన్యో సీమలో ఆడపిల్ల ఒకడిని ఇష్టపడితే నోరు విప్పి చెప్పేది కాదు. నార బట్ట మీద గుండెలూ పిట్టలూ పువ్వులూ కుట్టి, చుట్టూ నాలుగు మాటలు రాసి పంపేది. ఆదివారం వాడు దాన్ని కోటు మీద పెట్టుకుని చర్చికి వస్తే సంబంధం కుదిరినట్టు. పెట్టుకోకుండా వస్తే ఆ పిల్ల నెల్లాళ్ళు వీధి మొహం చూసేది కాదు. మా నాన్న పెట్టుకొచ్చాడు, కాబట్టి నేనున్నాను. నా పేరు జుల్మీరా. నేను రుమాళ్ళు కొన్ని వేలు కుట్టాను, ఒక్కటీ నా కోసం కాదు.

కుట్టిన పిల్లల్లో చాలామందికి చదువు లేదు. నోటికి ఎలా వస్తే అలా రాసేవారు. మా నోట్లో 'వ' పలకదు, 'బ' పలుకుతుంది. అందుకే రుమాళ్ళ నిండా 'బ'లే ఉంటాయి. నేనిక్కడ మా మాటలన్నీ 'వ'లతో సరిగ్గా రాస్తున్నానంటే, నలభయ్యో ఏట మూడేళ్ళ పాటు సాయంత్రం బడికి వెళ్ళి, చిన్నపిల్లలా చీవాట్లు తిని నేర్చుకున్నాను కాబట్టి. ఎవరూ నన్ను కాగితం చూపించి మోసం చేయకూడదని నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ తప్పులే సరుకు. తప్పు లేని రుమాలు ఎవరికీ అక్కర్లేదు. ఎయిర్‌పోర్టుల్లో అమ్మేవాటిని మిషన్లు కుడుతున్నాయి. ఆ మిషన్లకు కూడా తప్పులు రాయడం నేర్పారు, ప్రతి రుమాలు మీదా అదే తప్పు, అదే చోట. సరిగ్గా రాయడం నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టిన నేను, రోజుకి ఎనిమిది గంటలు కావాలని తప్పులు కుడుతూ కూర్చుంటాను. దీన్ని ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు.

ఒకప్పుడు పద్నాలుగు మందిమి. ఇప్పుడు ముగ్గురం మిగిలాం, నేనూ, కుస్తోదియా, అల్బెర్తీనా. పిల్లలు లేక మూసేసిన ఊరి బడిలో కూర్చుని కుడతాం. గది పంచాయతీది. ఏడాది చివరిలోగా చేతిలో పని ఉన్నట్టు చూపించకపోతే ఖాళీ చేయాలి. పోర్తోలో ఒక దుకాణం ఏడాదికి సరిపడా పని ఇస్తానంది కానీ రెండు మెలికలు పెట్టింది. ఎవరి దగ్గరా లేని పాత రుమాలు నమూనాగా ఉండాలి, దానికి ముద్ర పడి ఉండాలి. ఎవరి దగ్గరా లేనిదంటే మా అమ్మ పెట్టెలో ఉన్నదే. ముద్ర పడాలంటే సొంతదారు కాగితం మీద సంతకమైనా చేయాలి, వేలిముద్రైనా వేయాలి.

నిజం చెప్పాలంటే నాకు ఈ పని మీద విసుగు పుట్టి చాలా కాలమైంది. నలభై ఆరేళ్ళుగా అవే గుండెలు, అవే పిట్టలు. మెడ తిప్పితే కటకటమంటుంది. వచ్చిన టూరిస్టు ప్రతివాడూ ఇది కుట్టడానికి ఎన్ని రోజులు పడుతుందని అడుగుతాడు, చెబితే నోరు తెరుస్తాడు, కొనకుండా వెళ్ళిపోతాడు. అయినా ఆ గది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో మాకు తెలియదు. కుస్తోదియా మొగుడు పోయినప్పటి నుంచి మధ్యాహ్నం తిండి అక్కడే తింటుంది. ఇంట్లో ఒక్కతే కంచం ముందు కూర్చోలేదు.

సరే, ఆ రోజు. సొంతదారు కాబట్టి అమ్మను కూడా తీసుకొచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. ఆరేళ్ళుగా అమ్మ కళ్ళకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు. చెవులు మాత్రం పాము చెవులు. డాక్టరమ్మ రుమాలు మీదికి వంగి, చుట్టూ ఉన్న మాటలు కూడబలుక్కుని చదివింది.

నుబ్బు బచ్చే దారి బైపు
చూతూ నిలుచున్నా
బాకిలి మూయక పాణమంతా
నీకే దాచున్నా

"నాలుగు చోట్ల 'వ' బదులు 'బ'. రెండు చోట్ల అక్షరం ఎగిరిపోయింది. ఇదిగో, ఇక్కడ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడింది. మొత్తం ఏడు. చాలా బాగుందండీ," అంది.

"ఏడు ఏంది?" అంది అమ్మ.

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "పువ్వులు పిన్నీ," అంది కుస్తోదియా.

"పువ్వులు తొమ్మిది. నేను కుట్టినయ్యి నాకు తెలవ్వా?"

డాక్టరమ్మకు మా సంగతి తెలియదు. ముసలావిడను సంతోషపెడదామనుకుంది. దగ్గరికి వచ్చి, చేయి పట్టుకుని, "తప్పులండీ ఎర్మెలిందా గారూ. రాతలో తప్పులు. ఒకే రుమాలు మీద ఇన్ని ఉండటం నేనెప్పుడూ చూడలేదు. దీని విలువంతా అదే," అంది.

అమ్మ చేయి వెనక్కి తీసుకుంది. తర్వాత నా వైపు కాకుండా, నేనుంటానని తను అనుకున్న వైపు తిరిగి, "నా రుమాలు మడిచి ఇయ్యవే. ఇంటికి పోదాం," అంది.

"వేలు వేయాలి కదమ్మా."

"ఎయ్యను."

అమ్మ సంగతి మీకు చెప్పాలి. ఊళ్ళో మిగతా పిల్లలు చర్చి గంట కొట్టేవాడిని బతిమాలి బట్ట మీద పెన్సిల్‌తో అక్షరాలు గీయించుకునేవారు. లేకపోతే అక్కల రుమాళ్ళు చూసి దింపుకునేవారు. అమ్మ ఏడాదిన్నర బడికి వెళ్ళింది, ఆ తర్వాత ఆవుల్ని కాయడానికి మాన్పించారు. ఆ ఏడాదిన్నర చదువుతో, ఎవరినీ దేబిరించకుండా, మాటలు తనే కట్టి అక్షరాలు తనే పెట్టింది. ఊరి మొత్తం మీద అలా చేసిన పిల్ల తనొక్కతే. ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి కొన్ని వందల సార్లు విన్నాను. తను చదివిన బడి కూడా ఈ గదే. అదే గదిలో కూర్చోబెట్టి ఆమెకు ఏడు తప్పులని చెప్పాం.

నాకు ఆ తప్పుల సంగతి ఎప్పుడో తెలుసు. చదవడం వచ్చిన కొత్తలో పెట్టె తీసి చూసినప్పుడే కనిపించాయి. చెప్పలేదు. ఏమని చెబుతాను?

ఇంటికి వచ్చాక సూప్ పెట్టాను. మొక్కజొన్న రొట్టె తుంచి పక్కన పెట్టాను. ముట్టలేదు.

"మీ నాయనకి చదువొచ్చు," అంది.

"వచ్చు."

"చర్చిలో పైకెక్కి చదివేవోడు. ఫాదరు కూడా మెచ్చుకునేవోడు."

"అవునమ్మా."

"అంటే ఆయనకి తెలుసు." స్పూను తీసి మళ్ళీ కింద పెట్టింది. "నలభై తొమ్మిదేళ్ళు కాపరం చేశాడు. ఒక్కనాడు చెప్పలా. ఆ ఆదివారం నా తప్పులు కోటు మీద పెట్టుకుని ఊరంతా తిరిగాడు. అందరూ చదివే ఉంటారు."

"ఎవరూ నవ్వలేదమ్మా."

"నువ్వు పుట్టావా అప్పటికి?"

నేను రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టాను. దాన్ని బల్ల మీద పెట్టి మళ్ళీ తనే అంది. "నేను సూది పట్టలేను. నువ్వు ఆ ఏడూ విప్పి సరిగ్గా కుట్టు. అప్పుడు ఏస్తా వేలు."

"సరిచేస్తే ముద్ర పడదమ్మా. ఆవిడకి తప్పులే కావాలి."

"ఆవిడకి తప్పులు కావాలంటే ఆవిడవి కుట్టుకోమను. నా పేరు కింద ఉండటానికి లేదు."

"అవి తప్పులు కాదమ్మా. మనం ఎలా మాట్లాడతామో అలాగే రాశావు. లిస్బన్ వాళ్ళ నోటికి అది తప్పు."

"మరి నువ్వు మూడేళ్ళు బడికి పోయి నేర్చుకుందేంది?"

సూప్ చల్లారిపోయింది. ఇద్దరం లేచాం.

డాక్టరమ్మ మళ్ళీ గురువారం వస్తానని చెప్పి వెళ్ళింది. ఆ తర్వాత రెండు నెలల దాకా మా వైపు రాదు, అప్పటికి ఏడాది గడిచిపోతుంది. సోమవారం గదికి వెళ్ళి ఇంట్లో జరిగింది చెప్పాను. అల్బెర్తీనా మెత్తటి మనిషి, ఏడుపు మొహం పెట్టింది. కుస్తోదియా మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు.

"విప్పానని చెప్పు. ఆవిడకి కనపడదుగా," అంది.

"మా అమ్మతో అబద్ధం చెప్పమంటావా?"

"ఎన్నేళ్ళ నుంచి చెప్పకుండా ఉన్నావు? అది నిజం కిందకి వస్తుందా? చూడవే, నాకు ఇంకో ఊరు పోయే ఓపిక లేదు, ఇంకో పని నేర్చుకునే వయసూ లేదు. ఆవిడ పరువు ఆవిడకి ముఖ్యమే, కాదనను. మన ముగ్గురి సంగతేంది?"

ఆమె మీద కోపం వచ్చింది. ఆమె అన్నది సరైనదే కాబట్టి ఇంకా వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తున్నప్పుడు రుమాలు తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. చిన్న కత్తెర మొదటి 'బ' కింద పెట్టాను. ఎర్ర దారం ఎప్పుడో వెలిసిపోయి ఇటుక రంగుకి వచ్చింది. కుట్లన్నీ ఒకే కొలత. పదిహేడేళ్ళ పిల్ల, ఆవుల్ని కాసి వచ్చి, అంత సమంగా ఎలా కుట్టిందో నాకు అర్థం కాలేదు. నలభై ఆరేళ్ళు కుట్టిన దాన్ని, నాకిప్పటికీ అంత సమంగా రాదు. దీన్ని విప్పితే గది పోతుంది. విప్పకపోతే అమ్మ మాట పోతుంది. రెండింటిలో ఏదో ఒకటి పోవాల్సిందే. నా చేత్తోనే పోవాలి. అంత అలసట నాకు ఎప్పుడూ కలగలేదు. కత్తెర పక్కన పెట్టి, రుమాలును పల్చటి కాగితంలో చుట్టేశాను.

బుధవారం పొద్దున "అయిపోయిందమ్మా," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

"చదువు."

చదివాను. సరైన మాటలే చదువుదామనుకున్నాను. నువ్వు వచ్చే దారి వైపు అని మనసులో అనుకుని నోరు తెరిస్తే నుబ్బు బచ్చే దారి బైపు అనే వచ్చింది. మా నోళ్ళు అంతే. తప్పుగా రాసింది చదివినా, సరిగ్గా రాసింది చదివినా వినడానికి ఒక్కటే. అమ్మ పెదాలు కదుపుతూ నాతో పాటు చివరి దాకా అంది.

"ఇప్పుడు బాగుంది," అంది. "ఇలా ఇయ్యి."

"ఇస్త్రీ చేసి చుట్టి పెట్టాను. నలుగుతుందమ్మా."

చాపిన చేయి ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజంతా ఉత్సాహంగా ఉంది, ఉప్పు చేప వండమని అడిగి మరీ తిన్నది. నన్నెవరూ కాగితంతో మోసం చేయకూడదని నేర్చుకున్న చదువుతో, కన్నతల్లినే మోసం చేశాను. సిగ్గేసింది. ఆ సిగ్గుకి తోడు గది నిలుస్తుందన్న సంతోషం కూడా ఉంది. అదే నాకు ఇంకా అసహ్యమనిపించింది.

గురువారం అమ్మను గదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, డాక్టరమ్మను గుమ్మం దగ్గరే ఆపి ఉన్నదంతా చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. "నా వల్లే కదా ఇదంతా. నేను నోరు తెరవనండీ," అంది. లోపలికి వచ్చి అమ్మకు నమస్కారం పెట్టి, కాగితం తీసి చదివింది. రుమాలు కొలత ఇంత, బట్ట నార, పువ్వులు తొమ్మిది, పిట్టలు నాలుగు, కుట్టినవారు ఫలానా, డబ్బిచ్చి కుట్టించుకున్నవారు ఎవరూ లేరు. ఒక వరుస దాటేసి చదివింది. ఆ వరుస నాకు కనిపిస్తూనే ఉంది. రాతలో తప్పులు, ఏడు.

అంతటితో వేలు వేయించేస్తే అయిపోయేది. కానీ ఆ పిల్లకు మనసు ఒప్పలేదు కాబోలు, చేసిన తప్పుకు ఏదో ఒకటి చేయాలనుకుంది. నేను చుట్టిన పల్చటి కాగితం విప్పి, రుమాలు తీసి, "ఒకసారి పట్టుకోండి," అని అమ్మ ఒళ్ళో పెట్టింది. నేను చేయి అడ్డం పెట్టేలోపే అమ్మ వేళ్ళు దాని మీద ఉన్నాయి.

అంచు తడిమింది. పిట్టలు తడిమింది. తర్వాత రుమాలు వెనక్కి తిప్పింది.

కుట్టేవాళ్ళెవరూ ముందు వైపు నమ్మరు. ముందు వైపు ఎవరైనా అందంగా చేస్తారు, పనితనం తెలిసేది వెనకే. పాత నారలో దారం విప్పితే కన్నాలు సాగుతాయి, కొత్త దారం ముడి గరుకుగా తగులుతుంది. కళ్ళు లేకపోయినా, అక్షరాలు మర్చిపోయినా, ఎక్కడ చేయి పడిందో వేలితో ఇట్టే చెప్పేయవచ్చు. అమ్మకు నేను ఇది చెప్పక్కర్లేదు. నాకు నేర్పిందే ఆమె.

బొటనవేలు మొదటి వరుస వెంట మెల్లగా వెళ్ళింది. రెండో వరుస వెంట వెళ్ళింది. మూడో వరుసలో ఒకచోట ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. కుస్తోదియా దగ్గు రాకపోయినా దగ్గింది. అల్బెర్తీనా నేల చూపులు చూస్తోంది. నేను అమ్మ మొహం చూస్తూ ఉండిపోయాను. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. కోపం రాలేదు. ఏదో చాలా దూరం నడిచి వచ్చినట్టు కనిపించింది.

"మా పిల్ల బాగా చేసింది," అంది డాక్టరమ్మతో. "ఒక్క తప్పు లేదు. ఏదీ, ఎక్కడెయ్యాలి?"

డాక్టరమ్మ అమ్మ బొటనవేలికి సిరా రాసి, కాగితం మీద పెట్టి నొక్కింది. సరిగ్గా ఆ దాటేసిన వరుస కిందే పడింది వేలిముద్ర. అల్బెర్తీనా ముక్కు చీదుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. కుస్తోదియా తడి గుడ్డ తెచ్చి అమ్మ వేలు తుడిచింది, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తుడిచింది.

ఇంటికి పోయే దారి ఎత్తుగా ఉంటుంది. అమ్మ నా చేయి పట్టుకుని నడుస్తోంది. ద్రాక్ష పందిళ్ళ పక్కన మొండి గోడ దగ్గర ఆయాసం వచ్చి కూర్చుంది. నేను కూడా పక్కన కూర్చున్నాను. చెప్పేయాలనిపించింది.

"అమ్మా, ఆ రుమాలు నేను..."

"ఎనిమిది," అంది.

"ఏంటి?"

"ఆవిడ లెక్క తప్పు. ఏడు కాదు, ఎనిమిది. మూడో వరసలో ఒక అక్షరం అయిపోయాక దారం తెంచి ముడేయాల. అవతల ఆవులు పాలకి అరుస్తన్నాయి, మా అమ్మ కేకలేస్తంది. తెంచకుండా అట్నే పక్క అక్షరం మీదకి లాక్కెళ్ళా. ముందు వైపు కనపడదు. ఆ ఆదివారం చర్చిలో ఆయన ఎక్కడ వెనక్కి తిప్పి చూస్తాడోనని ఒకటే వణుకు. పోయిందాకా ఆయనకీ చెప్పలా. ఇన్నేళ్ళూ నాకు సిగ్గంటే అదొక్కటే."

అమ్మ లేవడానికి చేయి చాపింది. పట్టుకుని లేపాను. నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆగింది.

"ఆ ఏడూ మీరు ముగ్గురూ కుట్టుకోండి," అంది. "అది మాత్రం కుట్టబాకండి."